మడమ నొప్పికి ఆపరేషనే దారి కాదు

సంపాదకుల వారికి నమస్కారములు.

తెల్లవారి మంచం దిగి మొదటి అడుగు మోపగానే మడమలో మేకు దిగినట్టు పోటు రావడం, నాలుగు గదులు తిరిగేసరికి కాస్త సర్దుకోవడం, కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదటికి రావడం ఈ నగరంలో ఎందరికో అనుభవమే. ముప్ఫై ఏళ్లు నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు చెప్పి రిటైరైన నాకు రెండేళ్ల కిందట ఎడమ మడమకు ఈ బాధ పట్టుకుంది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి, మడమ ఎముక అడుగున ముల్లులా పెరిగిన చోట పెన్నుతో సున్నా చుట్టి, అదే గుచ్చుకుంటోందనీ, ఇంజెక్షన్‌తో తగ్గకపోతే ఆపరేషన్ చేసి చెక్కేయాలనీ చెప్పి పంపారు. ఆ మాట విన్నాక నాకు నొప్పి కన్నా భయమే ఎక్కువైంది. ఆపరేషన్ లేకుండానే నాకు నయమైంది గనుక, ఇదే మాట విని వణుకుతున్న మిగతావారి కోసం ఈ లేఖ రాస్తున్నాను.

మడమ ఎముక నుంచి కాలి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి పొడవునా మందమైన పీచు పట్టీ ఒకటి ఉంటుంది. పాదం ఒంపును నిలిపి ఉంచడంలో దానిది ముఖ్య పాత్ర. అది మడమకు అతుక్కునే చోట మోయలేని భారం పదే పదే పడి దెబ్బతినడాన్నే డాక్టర్లు ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య వయసువారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అధిక బరువు, గంటల తరబడి నిలబడే పని, బిగుసుకుపోయిన పిక్కలు, గట్టి నేల దీనికి దోహదం చేస్తాయి. ఇక మనవాళ్లు ‘ఎముక పెరిగింది’ అని చెప్పుకునే ఆ ముల్లు విషయానికి వస్తే, ఏ నొప్పీ లేని ఎంతోమంది మడమల్లోనూ ఎక్స్‌రే తీస్తే అది కనిపిస్తుంది, భరించలేని నొప్పి ఉన్నవారిలో కొందరికి అసలు ఉండదు. అందుచేత ఎక్స్‌రేలో ముల్లు కనిపించినంత మాత్రాన దాన్ని కోసి తీయాలని కాదు. పదిమంది రోగుల్లో ఎనిమిది తొమ్మిది మందికి ఏడాది లోపు ఆపరేషన్ అవసరం లేకుండానే నయమవుతుందని వైద్య గ్రంథాలే చెబుతున్నాయి.

నాకు ఈ సంగతులన్నీ విడమరచి చెప్పింది ఒక ప్రభుత్వ ఆస్పత్రి ఫిజియోథెరపిస్టు. ఆమె నేర్పిన మొదటి వ్యాయామానికి పైసా ఖర్చు లేదు. పొద్దున మంచం దిగక ముందే కూర్చుని, నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, కాలి వేళ్లను చేత్తో పట్టుకుని ముంగాలి వైపు వెనక్కి వంచాలి. రెండో చేత్తో అరికాలిని తడిమితే లోపలి పట్టీ బిగించిన తాడులా తగలాలి. అలా తగిలితేనే సరిగా చేస్తున్నట్టు. పది లెక్కపెట్టేదాకా ఉంచి వదలాలి, ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. దీనికి తోడు గోడకు చేతులు ఆనించి, నొప్పి కాలిని వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ నేల మీంచి లేవకుండా పిక్క సాగదీయాలి. కొన్ని వారాల తర్వాత ఆమె మరొకటి కలిపారు. మెట్టు అంచున నిలబడి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, మూడు సెకన్లలో మడమను పైకి లేపి, రెండు సెకన్లు నిలిపి, మూడు సెకన్లలో కిందికి దించడం. ఇది రోజు విడిచి రోజు చేయాలి. డెన్మార్క్ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఈ బలపరిచే వ్యాయామం చేసినవారికి, సాగదీత మాత్రమే చేసినవారి కన్నా మూడు నెలల దగ్గర ఎక్కువ ఉపశమనం కనిపించింది. ఏడాది గడిచేసరికి మాత్రం రెండు జట్లకూ పెద్ద తేడా లేదు. నాకు మొదటి నెలలో ఏ మార్పూ తెలియక విసుగొచ్చి రెండుసార్లు మానేశాను. ఐదో నెలకు గానీ పొద్దుటి అడుగు తేలిక కాలేదు.

చెప్పుల సంగతీ చెప్పాలి. గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపల గ్రానైటు, మార్బుల్ బండల మీద రోజంతా వట్టి కాళ్లతో తిరగడం మన అలవాటు. పెంకుటింటి మట్టి నేలకు పనికొచ్చిన ఆచారం ఈ రాతి నేల మీద మడమలకు శిక్ష అవుతోంది. ఇంట్లో వాడుకోవడానికి విడిగా ఒక జత ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు ఉంచుకోవడంలో మైలేమీ లేదని మా అత్తగారిని ఒప్పించడానికి నాకు వారం పట్టింది. బూట్లలో వేసుకునే మెత్తలైతే కొలతలిచ్చి ఖరీదుగా చేయించుకోనక్కర్లేదు, రెడీమేడ్‌గా దొరికేవి కూడా దాదాపు అంతే మేలు చేస్తాయి. పాదానికి టేపు చుట్టడం, రాత్రిపూట పాదం వాలిపోకుండా పట్టీ కట్టుకోవడం కూడా కొందరికి ఉపకరిస్తాయి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు హాయినిస్తుందన్నది నిజమే. కానీ మడమ కింద మెత్తగా ఉండే కొవ్వు పొర పలచబడే ప్రమాదం, అరుదుగానైనా ఆ పీచు పట్టీయే తెగిపోయే ప్రమాదం ఉన్నాయి. వాటి గురించి నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. నెలల తరబడి వ్యాయామం చేసినా లొంగని నొప్పికి, నొప్పి ఉన్న చోటికి యంత్రంతో శబ్ద తరంగాలు పంపే షాక్‌వేవ్ చికిత్స ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2000లోనే ఇందుకు వాడే యంత్రానికి అనుమతిచ్చింది. మన రక్తమే తీసి, అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే భాగాన్ని వేరు చేసి మడమలోకి ఇంజెక్షన్‌గా ఇచ్చే పీఆర్పీ చికిత్స ఖర్చుతో కూడుకున్నది, పైగా దాని మీద జరిగిన పరిశోధనల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. నొప్పి మాత్రలను బీపీ, కిడ్నీ, కడుపులో పుండు ఉన్నవారు డాక్టరును అడగకుండా మింగకూడదు.

కాల్చిన ఇటుక మీద జిల్లేడు ఆకు పరచి కాపడం పెట్టుకునే పెద్దలు ఇంకా ఉన్నారు. వెచ్చదనం హాయిగానే ఉంటుంది గానీ, షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి కాలిన సంగతి కూడా తెలియదు. ఐస్ నీళ్ల సీసా మీద అరికాలు దొర్లించడం మంచిదే అయినా, వారికి అదీ జాగ్రత్తతో చేయవలసిన పనే. పాదంలో తిమ్మిరి, జ్వరం, వాపు, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే, లేదా చిన్న వయసువారికి రెండు మడమల నొప్పితో పాటు పొద్దున్నే నడుము బిగుసుకుపోతుంటే, అది వేరే జబ్బు కావచ్చు గనుక వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

అయితే నేను చెప్పిన వ్యాయామాలు ఎన్ని చేసినా, పగలంతా నిలబడక తప్పనివారికి ఫలితం నిలవడం కష్టం. అమీర్‌పేట, కోఠి, దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణాల్లో బేరం లేనప్పుడు కూడా కూర్చోవడానికి వీల్లేక గోడకు ఒరిగి ఒక కాలి మీదా మరో కాలి మీదా బరువు మార్చుకునే అమ్మాయిలను చూస్తూనే ఉన్నాం. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వసతి కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ చట్టాలను సవరించాయి. మన యజమానులు చట్టం బలవంతపెట్టేదాకా ఆగకుండా ఒక్కొక్క స్టూలు వేస్తే వారికి పోయేదేమీ లేదు. కూడళ్లలో నిలబడే ట్రాఫిక్ పోలీసులకు కూడా మెత్తటి అట్టలున్న బూట్లు ఇవ్వడం గురించి అధికారులు ఆలోచించాలి.

బస్తీ దవాఖానాల్లో మందులతో పాటు ఈ వ్యాయామాల పటం ఒకటి తెలుగులోనూ ఉర్దూలోనూ గోడకు తగిలించాలని ఆరోగ్య శాఖను కోరుతున్నాను. కాలు ఎక్కడ పెట్టాలో, ఎంత వంచాలో మాటల్లో చెబితే సగమే అర్థమవుతుంది గనుక, మీ ఆదివారం అనుబంధంలోనూ బొమ్మలు వేయించి ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
నల్లకుంట, హైదరాబాద్