కింగ్‌కు ముందు మాట్లాడిన రబ్బీ

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఆగస్టు 28 వచ్చిందంటే మార్టిన్ లూథర్ కింగ్ ‘నాకో కల ఉంది’ ప్రసంగం మన పత్రికల్లో ఏదో ఒక పేజీలో కనిపిస్తుంది. సంతోషమే. కానీ 1963లో అదే రోజు, వాషింగ్టన్‌లోని అదే వేదిక మీద, కింగ్‌కు సరిగ్గా ముందు మాట్లాడిన మనిషి పేరు తెలుగులో చదివిన గుర్తు నాకు లేదు. ఆయన జోకిమ్ ప్రింజ్. యూదు మతగురువు, వాళ్ల మాటలో రబ్బీ.

1902లో జర్మనీలో పుట్టిన ప్రింజ్ పాతికేళ్లు నిండేసరికే బెర్లిన్‌లో రబ్బీ. హిట్లర్ వచ్చాక, నాలుగు రోజుల్లో అన్నీ సర్దుకుంటాయిలే అని చాలామంది అనుకుంటుంటే, దేశం వదిలి వెళ్లిపొమ్మని ఆయన మందిరంలోనే ప్రసంగించారు. హిట్లర్ రహస్య పోలీసు గెస్టపో ఆయన్ని చాలాసార్లు అరెస్టు చేసి, చివరికి 1937లో దేశం నుంచి వెళ్లగొట్టింది. అమెరికా చేరి న్యూజెర్సీలోని నెవార్క్‌లో 1939 నుంచి 1977 దాకా రబ్బీగా ఉన్నారు.

తన వాళ్ల బాగోగులు చూసుకుంటూ ఊరుకుంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన మాత్రం నల్లజాతివారి హక్కుల కోసం న్యూయార్క్‌లో దుకాణం ముందు ప్లకార్డు పట్టుకుని నిలబడ్డారు. కింగ్ ప్రసంగించిన ఆ వాషింగ్టన్ ప్రదర్శనను నడిపించిన పదిమందిలో ఒకరయ్యారు. ఆ రోజు చెప్పిందీ బెర్లిన్‌లో కళ్లారా చూసిందే: ద్వేషం కన్నా ముందు పట్టించుకోవాల్సింది మౌనాన్ని, గొప్ప నాగరికతను కట్టిన జర్మన్ జాతి నోరు మూసుకుని చూస్తూ ఉండిపోయింది, అమెరికా అలా కాకూడదు. తన మతస్థుల కష్టాన్ని ఇంకొకరి కష్టంతో కలిపి చూసి మాట్లాడటం మతగురువుల్లో అరుదు. మన టీవీ ప్రవచనాల్లో నాకు మరీ అరుదుగా వినిపిస్తుంది.

పటం కట్టి దండ వేయమని అనడం లేదు. 1967లో నెవార్క్‌లో జరిగిన జాతి అల్లర్ల తర్వాత తెల్లవాళ్లు ఆ ఊరు వదిలి పోతుంటే ఆయన మందిరం కూడా 1973లో లివింగ్‌స్టన్‌కు మారిపోయింది. రాస్తే అదీ రాయాలి.

ప్రింజ్ ప్రసంగం చాలా చిన్నది, అనువదిస్తే అర కాలమ్ దాటదు. వచ్చే ఆగస్టులో కింగ్ ప్రసంగం పక్కనే దాన్నీ వేయండి. చోటు చాలదంటే కింగ్ ఫొటో కాస్త తగ్గించినా పాఠకులెవరూ ఏమీ అనుకోరు.

— ఒక రిటైర్డ్ సోషల్ టీచర్, తెనాలి