కంచె వేసేవాడికి లైసెన్సు ఇవ్వండి, పని చూసి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం. నేను నల్గొండ జిల్లాలో పదిహేనేళ్లుగా ఫెన్సింగ్ పని చేస్తున్నాను. కడీలు (కంచె స్తంభాలు) పాతడం, ముళ్లతీగ లాగడం, జాలీ కట్టడం, ఈ మధ్య సోలార్ ఫెన్సింగ్ కూడా.

పోయిన ఏడాది మా దగ్గర ఒక బడి చుట్టూ కంచె వేసే పని వచ్చింది. నాకు కాంట్రాక్టర్ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి టెండర్ వేయలేకపోయాను. రిజిస్ట్రేషన్ ఉన్న ఒకాయన పని తీసుకుని, తన వాటా పక్కన పెట్టుకుని, మళ్లీ నాకే ఇచ్చాడు. బిల్లు వచ్చేదాకా కూలీలకు నేనే అప్పు తెచ్చి ఇచ్చాను.

సరే, నేనే రిజిస్ట్రేషన్ చేయించుకుందామని తిరిగాను. పాన్ ఉంది. ఆస్తి ఉందని చూపే సాల్వెన్సీ సర్టిఫికెట్ కావాలన్నారు, నా పేరు మీద అంత ఆస్తి లేదు. ఏడాదికి 20 లక్షలు దాటితేనే మాలాంటి పనులకు జీఎస్టీ తప్పనిసరి, నాకు అంత రాదు, అయినా ఆ నంబరూ అడిగారు. ఆన్‌లైన్ టెండర్‌కి డిజిటల్ సంతకం వేరే. ఇన్ని అడిగినవాళ్లలో ఒక్కరు కూడా మూల కడీకి ఎన్ని సపోర్టులు ఇస్తావని అడగలేదు.

అసలు పనంతా ఆ మూలలోనే ఉంది. తీగ లాగిన బరువంతా మూల కడీ మీదే పడుతుంది, అందుకే రెండు వైపులా ఏటవాలుగా రెండు సపోర్టు రాళ్లు పెట్టి, గుంత లోతుగా తీసి, కాంక్రీటు గట్టిపడ్డాకే తీగ బిగించాలి. తొందరపడి అదే రోజు బిగిస్తే మొదటి వానకే కడీ లోపలికి వంగుతుంది, తీగ జారిపోతుంది.

ఇది వంగిన కంచెతో పోయేది కాదు. సోలార్ ఫెన్సింగ్‌లో ఎనర్జైజర్ అనే పెట్టె తీగలోకి సెకనుకో మాటు చిన్న షాక్ కొడుతుంది, పంది బెదిరి పోతుంది, ప్రాణం పోదు. అది తెలియని వాళ్లు, డబ్బు మిగుల్చుకోవాలనుకునే వాళ్లు లైను నుంచి 230 వోల్టుల కరెంటు నేరుగా తీగకిచ్చేస్తున్నారు. పొద్దున్నే నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతు ఆ తీగ తగిలి చనిపోయాడన్న వార్త మీ పేపర్లోనే ఎన్నిసార్లు చదివామో.

మా మేనల్లుడు కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ కంచె పనికి సీ-13 అని ప్రత్యేకంగా లైసెన్సు ఉంది. గత పదేళ్లలో నాలుగేళ్లు ఆ పని చేసిన అనుభవం చూపాలి, చట్టం మీద ఒక పరీక్ష, కంచె పని మీద ఇంకో పరీక్ష రాయాలి, ప్రకటన వేసుకుంటే అందులో లైసెన్సు నంబరు ఉండాలి. 25,000 డాలర్ల బాండు, అంటే పూచీకత్తు కూడా అడుగుతారు, అది మాత్రం మనకొద్దు, మాలాంటి వాళ్లం మళ్లీ గేటు బయటే ఉంటాం. కానీ అనుభవం, పని పరీక్ష, ఈ రెండూ ఇక్కడ ఎందుకు పెట్టకూడదు?

ఐటీఐలో ఒక రోజు పెట్టండి. రెండు మూలలు కట్టించి, యాభై అడుగుల తీగ లాగించి, ఎనర్జైజర్‌కి ఎర్తింగ్ చేయించి చూడండి. పని వచ్చినవాడికి కార్డు ఇవ్వండి, ఊళ్లో బడి, అంగన్‌వాడీ కంచెల్లాంటి చిన్న పనులు ఆ కార్డు మీద ఇవ్వండి. పరీక్ష తెలుగులో ఉంటే చాలు, నేనూ వస్తాను, నాతో పనిచేసే ఆరుగురిలో నలుగురు ఇప్పుడే రెడీగా ఉన్నారు.

– ఒక ఫెన్సింగ్ మేస్త్రి, నల్గొండ జిల్లా