ఒక్క బూటు కోసం 47 రోజులు: గుర్రపు సామాన్ల కంపెనీకి ఫిర్యాదు లేఖ

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: గుర్రం గిట్టలకు తొడిగే బూట్ల జతలో ఒకటి చిన్నది పంపి, 47 రోజులుగా మార్చకపోవడం, అడిగిన ప్రతిసారీ తిప్పించుకోవడం గురించి.

నమస్కారం.

నా ఆర్డర్ నంబరు, ఇప్పటిదాకా మీరిచ్చిన ఐదు ఫిర్యాదు నంబర్లు అన్నీ మీ కంప్యూటర్లోనే ఉన్నాయి. ఫోన్ చేసిన ప్రతిసారీ మీవాళ్ళు కథంతా మొదటి నుంచి చెప్పమన్నారు. చెప్పాను. సగంలో ఉండగానే లైన్ కట్టయింది. అందుకే ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

మాది కడప. మా నాయన జట్కా తోలేవాడు. నేను పెళ్ళి ఊరేగింపులకు గుర్రం తీసుకెళ్తాను. నా దగ్గర ఉన్నది ఒక్కటే తెల్ల ఆడగుర్రం, పేరు గౌరి. ఆరేళ్ళుగా జీను, కళ్లెం, బ్రష్షులు అన్నీ మీ దగ్గరే కొన్నాను. రాజంపేటలో, మైదుకూరులో గుర్రాలున్నవాళ్ళు ఎక్కడ కొన్నావని అడిగితే మీ పేరే చెప్పాను. వాళ్ళలో ముగ్గురు మీ కస్టమర్లయ్యారు. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. మీ పేరు మీద నాకు అంత నమ్మకం ఉండేదని తెలియాలని చెప్తున్నాను.

గౌరి ముందుకాళ్ళ గిట్టలు రెండేళ్ళుగా చెడిపోతూ వచ్చాయి. లాడం ఊడిన ప్రతిసారీ మేకు దిగిన చోట గిట్ట పెచ్చులు పెచ్చులుగా లేచిపోయేది. ఆ పక్కన ఇంకో మేకు, అదీ ఊడేది. చివరికి మేకు పట్టడానికి గట్టి చోటే మిగల్లేదు. మడమలు దగ్గరకు ముడుచుకుపోయాయి. ఊరేగింపులో రెండుసార్లు తూలింది, పైన పెళ్ళికొడుకు ఉన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి రోజే పశువుల డాక్టరు గారికి చూపించాను. "లాడాలు తీసెయ్యి. కొత్త గిట్ట కిందికి దిగేదాకా మేకు ముట్టించొద్దు" అన్నారు. గిట్ట నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. ముందుభాగం పైనుంచి కిందిదాకా పూర్తిగా కొత్తది కావాలంటే 9 నుంచి 12 నెలలు పడుతుంది. అన్నాళ్ళు ఓపిక పడతానని ఆయనకు మాటిచ్చాను.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. అందుకే జ్యేష్ఠం చివర్లో లాడాలు తీయించాను. మా బంధువులే "లాడం లేని గుర్రాన్ని ఎవడు పిలుస్తాడు?" అన్నారు. అయినా తీయించాను. ఆ నెల రోజులూ మెత్తటి నేల మీద ఉంచి, శ్రావణం వచ్చేసరికి బూట్లు తొడిగి కొద్దికొద్దిగా రోడ్డు మీదికి తేవాలని లెక్క వేసుకున్నాను. మా కొట్టంలో నాపబండల నేల. వాటి మీద నిలబడితే నొప్పి తగ్గదని పెన్నా ఇసుక తెప్పించి మందంగా పరిచాను. బెల్లం పూర్తిగా ఆపేశాను, దాణా తగ్గించి ఎండుగడ్డి పెంచాను. తీపి, పిండి ఎక్కువైతే గిట్ట లోపల వాపు వస్తుందని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. పొద్దునా సాయంత్రం పది నిమిషాలు నడిపిస్తూ, రెండు రోజులకోసారి ఒక్కో నిమిషం పెంచుతూ వచ్చాను. మొదటి వారం ఇసుక మీద కూడా నిప్పుల మీద నడిచినట్టు నడిచింది. మూడో వారానికి మా వీధి మట్టి మీద మామూలుగా నడిచింది. ఆ రోజు మా ఇంట్లో అందరం సంతోషపడ్డాం. కంకర కనిపిస్తే మాత్రం ఆగిపోయేది. ఆ కంకర దాటడానికే మీ బూట్లు.

ఆర్డర్ పెట్టిన ఎనిమిదో రోజు పెట్టె వచ్చింది. ఒక బూటు సరిగ్గా పట్టింది. రెండోది చిన్నది. పెట్టె మీద సైజు ఒకటే, లోపల సైజులు రెండు. సర్దేటప్పుడు ఎవరో పొరపాటు పడ్డారనుకున్నాను. మనుషులన్నాక పొరపాటు జరుగుతుంది, దానికి నాకు కోపం రాలేదు. రెండు బూట్లకూ స్కేలు పెట్టి మా అబ్బాయి ఫొటో తీశాడు. "ఆ ఒక్కటి మార్చి పంపండి" అని మెయిల్ పెట్టాం. 24 గంటల్లో సంప్రదిస్తామని వెంటనే జవాబొచ్చింది. అది మెషిన్ పంపిన జవాబని నాలుగు రోజుల తర్వాత అర్థమైంది.

ఐదో రోజు ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, మూడు నొక్కండి అంటూ నలభై నిమిషాలు పాట వినిపించారు. చివరికి ఒక మేడమ్ ఎత్తి, హిందీలో, "ఏ జాతి కుక్క?" అని అడిగారు. గుర్రమని చెప్పాను. స్క్రీన్ మీద కుక్క, పిల్లి తప్ప గుర్రం లేదన్నారు. గుర్రపు సామాన్లు అమ్మే కంపెనీ స్క్రీన్ మీద గుర్రం ఎందుకు లేదని అడిగాను. హోల్డులో పెట్టారు. లైన్ కట్టయింది. పది నిమిషాలకు "మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని మెసేజ్ వచ్చింది.

రెండో మనిషి మళ్ళీ ఫొటోలు అడిగారు, పంపాం. మూడో మనిషి ఫొటోలు చాలవు, వీడియో కావాలన్నారు. మా అబ్బాయి కాలేజీ నుంచి వచ్చి గౌరి కాలు ఎత్తి పట్టుకుంటే నేను వీడియో తీశాను. నొప్పి ఉన్న గుర్రం ఒక కాలు ఎత్తితే బరువంతా రెండో ముందుకాలి మీద పడుతుంది, ఆ కాలూ నొప్పిదే. రెండు నిమిషాల వీడియో కోసం అది వణికింది. వీడియో సైజు పెద్దది, తిరస్కరించామని మీ దగ్గర్నుంచి మెసేజ్. చిన్నదిగా చేసి మళ్ళీ పంపాం. మరుసటి రోజు "మీ సమస్య పరిష్కారమైంది" అని ఫిర్యాదు మూసేశారు. ఎవరు పరిష్కరించారు? దేన్ని?

నాలుగో మనిషి దగ్గరికి వస్తే ఇప్పటికీ నా చేతులు వణుకుతాయి. ఆయన చాలా ధీమాగా, "కొత్త బూటు సార్, కొంచెం బిగుతుగానే ఉంటుంది. బలంగా తొడిగి ఒక రోజు నడిపించండి, సాగుతుంది" అన్నారు. అమ్మినవాళ్ళకు తెలిసే చెప్తారని నమ్మాను. తొడిగాను. సాయంత్రం విప్పేసరికి మడమ దగ్గర మెత్తటి చర్మం ఒలిచినట్టు లేచిపోయి రక్తం కారుతోంది. అది అరవదు, చెప్పదు. కాలు కింద పెట్టకుండా నా వైపు చూస్తూ నిలబడింది, అంతే. నేను విన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. మీరు ఆ మాట ఎలా చెప్పగలిగారని మిమ్మల్ని అడుగుతున్నాను. గిట్టల గురించి ఒక్క ముక్క తెలిసినవాళ్ళెవరూ ఆ సలహా ఇవ్వరు.

ఆ పుండు మానడానికి పదకొండు రోజులు పట్టింది. అన్ని రోజులూ నడక ఆగిపోయింది. నడక ఉంటేనే గిట్టలో రక్తం బాగా ఆడుతుంది, కొత్త గిట్ట గట్టిగా వస్తుంది. మూడు వారాలు కష్టపడి తెచ్చిన దారిలో సగం వెనక్కి వచ్చేశాం. కొట్టం నుంచి బయటికి తేవాల్సి వస్తే చిన్నపిల్లల డైపరు మడిచి గిట్ట అడుగున పెట్టి, పైన టేపు చుట్టి తెచ్చాను. బూట్లకు అంత డబ్బు కట్టినవాడు రాత్రి పది గంటలకు మెడికల్ షాపులో డైపర్లు కొనుక్కోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత వాపసు తీసుకుంటామన్నారు. ఫలానా రోజు ఇంట్లోనే ఉండమన్నారు. ఆ రోజు ప్రొద్దుటూరు బేరం వదులుకుని పొద్దుటి నుంచి గుమ్మంలోనే కూర్చున్నాను. సాయంత్రం "మీరు ఇంట్లో లేనందున పికప్ రద్దయింది" అని మెసేజ్. మా వీధిలోకి ఎవరూ రాలేదు. ఎదురింటి అంగడాయన సాక్షి. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ అదే మెసేజ్. మీ కొరియర్‌వాళ్ళు రాకపోయినా ఫర్వాలేదు, కానీ నేను ఇంట్లో లేనని అబద్ధం రాయడం నాకు అవమానంగా ఉంది. మా ఇంట్లో మాట తప్పిన మనిషి లేడు.

ఐదో మనిషి ఫొటోలు చూసి, "ఇది వాడిన వస్తువు. మీద మరక ఉంది. వాపసు కుదరదు" అన్నారు. ఆ మరక నా గుర్రం రక్తం. తొడగమన్నది మీవాళ్ళు. ఫోన్ పక్కన పెట్టేసి చాలాసేపు మాట్లాడలేకపోయాను.

ఒక్క మంచి మాట కూడా రాయాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. మధ్యలో ఒక రోజు ఒక తెలుగు అబ్బాయి ఎత్తాడు. మాట తీరు చూస్తే మన సీమ వైపు పిల్లోడే. అంతా విని మొదట అడిగిన మాట, "గుర్రం ఎట్లుందన్నా?" ఈ 47 రోజుల్లో ఆ మాట అడిగింది అతనొక్కడే. పై అధికారికి పంపిస్తున్నానని, రేపు తానే ఫోన్ చేస్తానని చెప్పాడు. ఫోన్ రాలేదు. తర్వాత నేను చేసి అడిగితే అలా ఒక ఉద్యోగి పేరు చెప్పి మాట్లాడటం కుదరదన్నారు. ఈ ఉత్తరం చదివి ఆ అబ్బాయిని ఏమీ అనకండి. తప్పు అతనిది కాదు, అతను పంపిన మాటను పైన పక్కన పెట్టినవాళ్ళది.

బూటు సంగతి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది, ప్రాణమున్న జీవి వస్తువులాగా ఆగలేదని మీకు తట్టకపోవడమే. ఫ్రిజ్జు పాడైతే పది రోజులు ఆగొచ్చు. ఫోన్ పాడైతే స్విచ్చాఫ్ చేసి పక్కన పెట్టొచ్చు. గౌరి రోజుకు ఇరవై నాలుగు గంటలూ ఆ నాలుగు గిట్టల మీదే నిలబడాలి, అందులో బరువు అరవై శాతం ముందు రెండింటి మీదే. మీరు "ప్రాసెస్‌లో ఉంది" అన్న ప్రతి రోజూ అది నొప్పితో నిలబడిన రోజే. శ్రావణంలో నాలుగు ఊరేగింపులు వదులుకున్నాను. ఇంకొకరి గుర్రం తీసుకెళ్ళి పరువు దక్కించుకున్నది ఒక్కటే. పెళ్ళివాళ్ళకు ఏం చెప్పాలి, కంపెనీవాళ్ళు ఫోన్ ఎత్తడం లేదని చెప్పనా?

ఇప్పుడు మీరు ఆ బూటు పంపినా నాకు పనికిరాదు. ఈ 47 రోజుల్లో గిట్ట పెరిగింది, రెండుసార్లు చెక్కించి ఆకురాయితో రాయించాను, ముడుచుకున్న మడమలు కొంచెం తెరుచుకున్నాయి, వెడల్పు మారింది. బూటు కొలత ఎప్పుడూ చెక్కించిన వెంటనే తీసుకోవాలని మీ కంపెనీ కాగితంలోనే ఉంది. మొదటి వారంలో ఒక్క బూటు మార్చి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. ఇప్పుడు ఒక్క బూటుతో తీరదు. కొత్త కొలతలు పంపుతాను, ఆ కొలతకు మొత్తం జత కావాలి. లేదా కట్టిన డబ్బంతా వెనక్కి ఇవ్వండి. పుండుకు డాక్టరు గారికి ఇచ్చిన ఫీజు, మందుల బిల్లులు జత చేస్తున్నాను, అవీ ఇవ్వాలి. వదులుకున్న ఊరేగింపుల సంగతి మీ మనస్సాక్షికి వదిలేస్తున్నాను. వీటన్నిటికంటే ముందు ఒక మనిషి, పేరున్న మనిషి, తెలుగులో నాకు ఫోన్ చేసి జరిగిన దానికి తప్పైందని చెప్పాలి.

ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీలకు 2020లో వచ్చిన వినియోగదారుల నిబంధనలను మా అబ్బాయి చదివి వినిపించాడు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి, ఆ పని చూసే అధికారి పేరు, వివరాలు సైటులో పెట్టాలి. మీ సైటులో ఆ పేరు కోసం ఒక సాయంత్రమంతా వెతికాం, దొరకలేదు. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. దానికీ కదలకపోతే కడపలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. ఆ చిన్న బూటును కడగలేదు. మరకతో సహా సంచిలో కట్టి పెట్టాను, అలాగే తీసుకెళ్ళి బల్ల మీద పెడతాను. మీ పేరు చెప్పి కొనిపించిన ముగ్గురికీ జరిగింది చెప్పేశాను. గుర్రాలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఇంకా పెట్టలేదు, మీ జవాబు కోసమే ఆగాను.

ఇంకో మాట. లాడాలు తీయించి గుర్రాన్ని బాగు చేసుకుందామని మీ దగ్గరికి వచ్చేవాళ్ళు నాలాగే భయంభయంగా వస్తారు. ఊళ్ళో అందరూ వద్దన్న పని చేస్తుంటారు. వాళ్ళ ఫోన్లు ఎత్తే ఒక్కరికైనా గిట్ట అంటే ఏమిటో నేర్పించండి. బూటు ఎలా కొలవాలి, ఎంతసేపు తొడగాలి, కొట్టంలోకి రాగానే విప్పి ఆరబెట్టకపోతే తడికి గిట్ట అడుగున మెత్తటి భాగం కుళ్ళుతుందని, చర్మం రాసుకుంటే వెంటనే ఆపాలని. అరపూట చాలు నేర్పించడానికి. డాక్టరు గారు నాకు అరపూటలోనే నేర్పారు.

గౌరి పుండు మానింది. నిన్నటి నుంచి మళ్ళీ పది నిమిషాలతో మొదలుపెట్టాం. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా, సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా దాని పనిలోనే ఉంటాను, పగ్గం చేతిలో ఉంటుంది, ఆ టైములో ఫోన్ ఎత్తను. మిగతా ఏ టైములో చేసినా ఎత్తుతాను.

ఇట్లు,
గౌరి యజమాని,
కడప.

జత చేసినవి: బిల్లు నకలు, రెండు బూట్ల ఫొటోలు, పుండు ఫొటోలు, డాక్టరు చీటీ, మందుల బిల్లులు, మీరు పంపిన మెసేజ్‌ల ప్రింట్లు.