వార్షిక నివేదిక: కాగితం చుట్టిన పుస్తకాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి సంబరాలు ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు మీ ఫోన్లలోనే ఉన్నాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. అమెరికాలో నల్లజాతి బానిసలు దొంగచాటుగా ఎలా చదువుకున్నారో ఆదివారం తెలుగు బడి, పఠన బృందం ఈ ఏడాది కలిసి తెలుసుకున్నాయి. ఆ పని గురించి మాత్రం కాస్త వివరంగా రాస్తున్నాను. "బానిసల చదువుతో మన సంఘానికేం పని?" అని కొందరు అడిగారు. కార్యదర్శిగా నేను జవాబు చెప్పాలి.

మనం ఇళ్ళు కొనుక్కుని, పిల్లల్ని పెంచుకుంటున్న ఈ జార్జియాలో 1829 నాటి చట్టం ప్రకారం నల్లవారికి చదవడం, రాయడం నేర్పడం నేరం. నేర్పింది తెల్లవారైతే 500 డాలర్ల దాకా జరిమానా, జైలు. నల్లవారైతే జరిమానా, కొరడా దెబ్బలు. మన పక్కనున్న సౌత్ కరొలైనాలో ఈ భయం ఇంకా పాతది. 1739లో అక్కడ స్టోనో అనే బానిసల తిరుగుబాటు జరిగింది. మరుసటి ఏడే బానిసకు రాయడం నేర్పినవారికి 100 పౌండ్ల జరిమానా పెట్టారు. ఆ చట్టం నిషేధించింది రాయడాన్ని, చదవడాన్ని కాదు. దీని మీద మా బృందంలో చాలాసేపు చర్చ జరిగింది. బానిస తన యజమాని హద్దు దాటి వెళ్ళాలంటే చేతిలో చీటీ ఉండాలి. రాయడం వస్తే ఆ చీటీ తనే రాసుకోగలడు.

ఆ చీటీల వెంటే మేము జార్జియాలోని సవానా వెళ్ళాం. 1848లో బానిసగా పుట్టిన సూజీ కింగ్ టేలర్ అమ్మమ్మ దగ్గర పెరిగింది ఆ ఊళ్ళోనే. బే లేన్‌లో మిసెస్ వుడ్‌హౌస్ అనే స్వతంత్ర నల్లజాతి వితంతువు తన వంటింట్లో పాతిక ముప్పైమంది పిల్లలకు చదువు చెప్పేది. పోలీసుల కంట పడకుండా పిల్లలు పుస్తకాలకు కాగితం చుట్టుకుని వచ్చేవారు. గుంపుగా కాదు, ఒక్కొక్కరే గేటు దాటి లోపలికి వెళ్ళేవారు, ఒక్కొక్కరే బయటికి వచ్చేవారు. ఏవో చేతిపనులు నేర్చుకుంటున్నారని ఇరుగుపొరుగు అనుకునేవారు.

అలా నేర్చుకున్న సూజీ అమ్మమ్మకు చీటీలు రాసిపెట్టేది. రాత్రి తొమ్మిది గంట కొట్టాక చీటీ లేకుండా దొరికితే తెల్లవారేదాకా ఠాణాలోనే. తన జ్ఞాపకాల పుస్తకంలో అలాంటి చీటీ ఒకటి ఇచ్చింది: 1860 మార్చి 1 తేదీ, రాత్రి 9 నుంచి 10.30 దాకా వెళ్ళనివ్వమని. అప్పటికి ఆమెకు పదకొండేళ్ళు. పద్నాలుగో ఏట జార్జియా తీరంలోని సెయింట్ సైమన్స్ దీవిలో పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు పాఠాలు చెప్పింది. సవానాలో, బానిసత్వాన్ని సమర్థించిన కాల్హూన్ పేరున్న కూడలికి 2023లో ఈమె పేరు పెట్టారు. అక్కడ చెట్ల కింద కూర్చుని మా పెద్దలు ఆమె రాసింది చదివి తెలుగులో పిల్లలకు చెప్పారు.

ఓడలు కట్టే చోట చెక్కల మీది గుర్తులు చూసి అక్షరాలు దిద్దుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ గురించీ, మిసిసిపీలోని నాచెజ్‌లో అర్ధరాత్రి బడి నడిపిన మిల్లా గ్రాన్సన్ గురించీ మిగతా నెలల్లో చదువుకున్నాం.

దీన్ని వార్షికోత్సవంలో నాటకంగా వేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. కార్యవర్గం ఒప్పుకోలేదు. వాళ్ళ బాధను మన పిల్లలకు వేషం కట్టడం సరికాదనిపించింది. బదులుగా బడిలో ఆ చీటీని తెలుగులో రాయించాం. ఒక పాప రాయడం ఆపి, "కింద అమ్మమ్మ సంతకం పెట్టాలా?" అని అడిగింది. కాదమ్మా, తెల్లాయన వాలెంటైన్ గ్రెస్ట్ పేరు పెట్టాలి అని టీచర్ గారు చెప్పారు. ఆ పాప చాలాసేపు కలం కదపలేదు.

మనకేం పని అన్నవారికి ఆ రోజే జవాబు దొరికింది. మన సభ్యుల్లో ఒక పెద్దాయన లేచి, వాళ్ళ నాన్నను ఊరి బడిలోకి రానివ్వలేదనీ, కిటికీ బయట నిలబడి పాఠం విని ఇసుకలో దిద్దుకున్నాడనీ చెప్పారు. ఇన్నేళ్ళ పరిచయంలో ఆయన ఈ మాట చెప్పడం అదే మొదటిసారి. జోతిరావు ఫులే 1873లో తన 'గులాంగిరి' పుస్తకాన్ని బానిసత్వం రద్దుకు పాటుపడిన అమెరికన్లకు అంకితమిచ్చాడని కూడా ఆయనే గుర్తుచేశారు.

వచ్చే ఏడాది వర్జీనియాలోని హాంప్టన్ వెళ్ళాలనుకుంటున్నాం. 1861లో మేరీ పీక్ అనే నల్లజాతి టీచరు పాఠాలు చెప్పిన ఓక్ చెట్టు అక్కడ ఇంకా ఉంది. వచ్చేవారు పేర్లు రిజిస్టరులో రాయండి. తెలుగు బడికి ఇద్దరు టీచర్లు కావాలి. ఆ పెద్దాయన ఒక తరగతి తీసుకుంటానన్నారు, కాబట్టి ఇక ఒక్కరు ముందుకొస్తే చాలు.

ఇట్లు,
కార్యదర్శి