రైలుకో నియమం, ఉపగ్రహాలకో నియమమా?

సంపాదకుడు గారికి,

పుణె–నాసిక్ సెమీ హైస్పీడ్ రైలు నారాయణగావ్ మీదుగా వెళ్లడం కుదరదని, అహిల్యానగర్, షిర్డీ వైపు మళ్లించాలని రైల్వే శాఖ తేల్చింది. షిర్డీ వెళ్లే మన తెలుగువాళ్లకు ఇది మంచి కబురే కావచ్చు. పాత దారిలో ఉన్న జున్నర్, సంగమ్నేర్ ప్రాంతాల వాళ్లు మాత్రం మండిపడ్డారు, అందులో తప్పు లేదు. నారాయణగావ్ దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుకు రైలు నుంచి వెలువడే రేడియో రొద అడ్డమన్నది సర్కారు చెప్పిన కారణం. ఎక్కడో ఆకాశంలో ఉన్నవాటి కోసం మా ఊరికి రైలు రానివ్వరా అని వాళ్లు అడిగితే, ఫిజిక్సు పాఠాలు చెప్పి బతికిన నాలాంటివాళ్లు జవాబివ్వాలి. ఆ తర్వాత నేను అడగాల్సిందీ ఒకటుంది.

రేడియో ఖగోళశాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ సంకల్పంతో వెలసిన ఆ టెలిస్కోపులో 45 మీటర్ల వెడల్పున్న డిష్‌లు 30 ఉన్నాయి. కొన్ని ఒకచోట గుంపుగా, మిగతావి పొలాల మధ్య దాదాపు 25 కిలోమీటర్ల మేర చెదిరి ఉంటాయి. దాని బలమంతా తక్కువ ఫ్రీక్వెన్సీల్లో, అంటే మీటరు, ఆ పైన పొడవున్న తరంగాల్లో ఉంది. చల్లారిపోతున్న రేడియో గెలాక్సీలు దొరికేది కూడా అక్కడే.

కొన్ని గెలాక్సీల నడిమధ్య ఉన్న భారీ కృష్ణబిలం చుట్టూ పదార్థం సుడి తిరుగుతూ, రెండు వైపులకూ దాదాపు కాంతి వేగంతో జెట్లు, అంటే ధారలు, చిమ్ముతుంది. అవి గెలాక్సీని దాటి లక్షల కాంతి సంవత్సరాల దూరం పోయి, రేడియో తరంగాలు వెదజల్లే పెద్ద మబ్బుల్లా పరుచుకుంటాయి. ఇలాంటివాటినే రేడియో గెలాక్సీలంటారు. కోట్ల ఏళ్లు ఇలా సాగాక మేత తగ్గి కేంద్రకం చల్లబడుతుంది, జెట్లు ఆగిపోతాయి. మబ్బులు మాత్రం వెంటనే మాయం కావు. పొయ్యి ఆర్పేశాక కూడా వంటింట్లో పొగ కాసేపు నిలిచినట్టు, అవి ఇంకొన్ని కోట్ల ఏళ్లు రేడియో తరంగాలు వెదజల్లుతూనే ఉంటాయి. వాటిలోని ఎలక్ట్రాన్లలో శక్తి ఎక్కువున్నవి త్వరగా ఖర్చయిపోతాయి. రెట్టింపు శక్తి ఉన్న ఎలక్ట్రాను ప్రతి క్షణం నాలుగింతలు పోగొట్టుకుంటుంది. అందుకే ముందు పై ఫ్రీక్వెన్సీల్లో మసకబారి, చివరికి 150 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కలే మిగులుతాయి.

బీ2 0924+30 అనే మూలాన్నే చూడండి. మనకు సుమారు 36 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఐసీ 2476 గెలాక్సీకి అటూ ఇటూ, ఈ చివరి నుంచి ఆ చివరికి పది లక్షల కాంతి సంవత్సరాలకు పైగా పరుచుకున్న మబ్బులవి. జెట్లు లేవు, జెట్లు వెళ్లి ఢీకొనే చోట ఉండాల్సిన ప్రకాశమూ లేదు. ఇది ఆరిపోయిన గెలాక్సీ కావచ్చని 1987లోనే ప్రతిపాదించారు. జెట్లు ఆగి దాదాపు 5 కోట్ల ఏళ్లయిందని అంచనా. ఇలాంటివి దొరకడం అరుదు, రేడియో గెలాక్సీల్లో పదింట ఒకటి కూడా ఉండవు. కొన్నయితే ఆగి మళ్లీ రాజుకుంటాయి, పాత మబ్బుల జత లోపల కొత్త జత కనిపిస్తుంది. మన ఖగోళశాస్త్రవేత్త డీజే సైకియా బృందం జీఎంఆర్‌టీతో వీటి మీద ఏళ్ల తరబడి పని చేసింది. జెట్లు ఆగి ఉన్నంతకాలం గెలాక్సీ చుట్టూ ఉన్న వేడి వాయువు చల్లారుతుంది, అది చల్లారితేనే కొత్త నక్షత్రాలు పుడతాయి. కాబట్టి ఎంతకాలం ఆగిందన్నది చిన్న లెక్కేం కాదు.

ఇక నా ప్రశ్న. కింద పట్టాలను పక్కకు జరిపిన ప్రభుత్వం, పైన తిరిగే ఉపగ్రహాల సంగతి ఎందుకు ఎత్తడం లేదు? 2023లో నెదర్లాండ్స్‌లోని లోఫార్ టెలిస్కోపుతో ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలను 68 గమనిస్తే, వాటిలో 47 నుంచి 110–188 మెగాహెర్ట్జ్ మధ్య రొద పట్టుబడింది. ఇంటర్నెట్ కోసం పంపే సిగ్నల్ కాదది, లోపలి ఎలక్ట్రానిక్స్ నుంచి కారుతున్నది. రెండో తరం ఉపగ్రహాల్లో ఇది 32 రెట్ల దాకా పెరిగిందని 2024లో తేలింది. కావాలని ప్రసారం చేసేవాటికే అంతర్జాతీయ నిబంధనలు వర్తిస్తాయి, ఇలా కారేదానికి వర్తించవు. 2025 జూన్‌లో టెలికాం శాఖ, జులైలో ప్రైవేటు అంతరిక్ష సేవలకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ స్టార్‌లింక్ సంస్థకు మన దేశంలో అనుమతులిచ్చాయి.

ఉపగ్రహ ఇంటర్నెట్ వద్దని నేననను. టవరు అందని గూడేలకు అది అవసరమే. అయితే 150.05–153 మెగాహెర్ట్జ్ పట్టీని రేడియో ఖగోళశాస్త్రానికి ప్రాథమిక హక్కుగా అంతర్జాతీయ నిబంధనల్లో రాయించుకున్న దేశం మనది. 50 నుంచి 350 మెగాహెర్ట్జ్ వరకు వినే టెలిస్కోపు కూడా ఉన్న, పలు దేశాలు కలిసి కడుతున్న ఎస్‌కేఏ రేడియో టెలిస్కోపుల ప్రాజెక్టుకు 1,250 కోట్ల రూపాయలు మంజూరు చేసిందీ మనమే. ఆ డబ్బు పెట్టిన చేత్తోనే లైసెన్సు షరతుల్లో ఒక వాక్యం చేర్చడానికి అడ్డేముంది? ఉపగ్రహం నుంచి కారే రొదను ప్రయోగానికి ముందే కొలిచి చూపాలి, పరిమితి దాటితే అనుమతి లేదు. రైలు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన రైతుకు సర్దుకోమని చెప్పగలిగినప్పుడు ఈ మాట కంపెనీకి చెప్పడం కష్టమా?

దీనిపై టెలికాం శాఖ వైఖరేమిటో మీ ఢిల్లీ విలేకరి చేత అడిగించి, వచ్చిన జవాబు అచ్చు వేయండి.

— విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడు, హనుమకొండ