మూడో కెమెరా మూగబోయిన ఆదివారం

ఒరేయ్ మామా,

ఆదివారం నువ్వు ఆరుసార్లు ఫోన్ చేశావు, నేను ఎత్తలేదు. అలిగే ఉంటావు. ఆ టైముకి నేను మన హైదరాబాదులోనే ఒక ఆడిటోరియం బాల్కనీ మెట్ల మీద కూర్చుని, బెల్ట్‌ప్యాక్‌తో, అదే హెడ్‌సెట్ తగిలించి నడుముకి పెట్టుకునే డబ్బాతో, కుస్తీ పడుతున్నాను. కూచిపూడి ప్రోగ్రాం, నాలుగు కెమెరాలు, సాయంత్రం 6:30కి లైవ్.

డైరెక్టరూ కెమెరా వాళ్లూ హెడ్‌సెట్లలో మాట్లాడుకునే మన పాత టాక్‌బ్యాక్ గుర్తుందా? కోఠీ గుజరాతీ గల్లీలో 3 పిన్నుల కనెక్టర్లు కొనుక్కొచ్చి, రాత్రంతా సోల్డర్ చేసేవాళ్లం. కరెంటూ మాటా ఒకే వైరులో వెళ్లేవి. లైటింగ్ వాళ్ల డిమ్మర్ పక్కన ఆ వైరు పడిందా, ప్రోగ్రాం అయ్యేదాకా చెవిలో తుమ్మెద రొదే. ఇప్పుడంతా డాంటే, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ మీదే మాట పంపే పద్ధతి. నెట్‌వర్క్ స్విచ్ నుంచి ఒక్క క్యాట్ 6 కేబుల్ లాగితే పవరూ దాంట్లోనే, మాటా దాంట్లోనే. కాకపోతే 100 మీటర్లు దాటకూడదు. బాల్కనీకి సరిపోక మధ్యలో ఇంకో స్విచ్ పెట్టాను.

పొద్దున్నే ఒక తెలివితక్కువ పని చేశాను, ఎవరికీ చెప్పకు. ల్యాప్‌టాప్‌లో డాంటే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఒక్క డివైస్ కూడా కనబడదు! కేబుళ్లన్నీ పీకి మళ్లీ పెట్టాను. చివరికి చూస్తే ల్యాప్‌టాప్ నా ఫోన్ హాట్‌స్పాట్ వైఫై పట్టుకుని కూర్చుంది. డాంటేకి ఈథర్‌నెట్ పోర్టు ఎంచగానే అన్నీ బిలబిలా వచ్చేశాయి.

ఇంకో మాట. డాంటే ఇక్కడి మాటను అక్కడికి మోస్తుందే గానీ, నలుగురి మాటలూ కలపదు. అందుకు వేరే మిక్సింగ్ డబ్బా కావాలి. ఎవరి చెవికి పంపే మిక్స్‌లోంచి వాళ్ల గొంతు తీసేయాలి. లేకపోతే మన మాటే కాస్త ఆలస్యంగా తిరిగొచ్చి నాలుక తడబడుతుంది. మన గొంతు మనకి ప్యాక్ లోపలే సైడ్‌టోన్‌గా వినిపిస్తుంది. అది తక్కువ పెడితే జనం అరుస్తారు, ఎక్కువ పెడితే గుసగుసలాడతారు. నేను ఒక్కొక్కరిచేత మాట్లాడించి సరిచేశాను.

అసలు గొడవ మూడో కెమెరాది. ఆ అబ్బాయికి అందరూ వినబడుతున్నారు, అతను మాత్రం ఎవరికీ వినబడడు. కంట్రోలర్‌లో చూస్తే సబ్‌స్క్రిప్షన్లన్నీ, అంటే ఎవరి మాట ఎక్కడికి వెళ్లాలో చెప్పే లింకులన్నీ, ఆకుపచ్చ టిక్కులే. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, చివరికి ప్యాకే మార్చాను. రెండు గంటలు! డైరెక్టరు మాటిమాటికీ "ఏమైంది సార్?" అని అడుగుతుంటే బీపీ పెరిగిపోయింది. అప్పుడు ఆ అబ్బాయి హెడ్‌సెట్ తీసి చెవి రుద్దుకుంటూ, "మనవాటికంటే ఇది మెత్తగా ఉంటుందన్నా, ఇంటి నుంచి తెచ్చుకున్నా" అన్నాడు.

అదీ సంగతి. మన హెడ్‌సెట్లన్నీ డైనమిక్ మైకులు, వాటికి కరెంటు అక్కర్లేదు. అతనిది ఎలక్ట్రెట్. దానికి ప్యాక్ నుంచి కొద్దిగా డీసీ కరెంటు అందాలి, లేకపోతే పలకదు. నేనేమో అన్ని ప్యాకుల్లోనూ ఒకే సెట్టింగ్ గుడ్డిగా దింపేశాను. సాఫ్ట్‌వేర్‌లో అతని ప్యాక్ తెరిచి, మైక్ పవర్ ఆన్ చేసి, గెయిన్ తగ్గించాను. "కెమెరా త్రీ రెడీ" అని ఖంగుమంది. ఆ రెండు గంటలూ నేను నెట్‌వర్క్‌నే తిట్టుకుంటూ కూర్చున్నాను చూడు!

అక్కడితో అయిపోలేదు. రిహార్సల్లో డైరెక్టరు ఏదో చెబుతుంటే అందరి చెవుల్లో కరకరమని చప్పుడు, వెనకాలే "ఉల్లిపాయలు ఇంకొన్ని వెయ్" అని ఒక గొంతు. ఒకటో కెమెరా ఆయన మిర్చి బజ్జీ తింటున్నాడు! టాక్ బటన్ తడితే లాచ్ అయ్యేలా ఉంది, అది ఆన్‌లోనే ఉండిపోయింది. వెంటనే కెమెరా వాళ్లందరికీ నొక్కినంతసేపే పలికేలా మార్చేశాను. డైరెక్టరుకి మాత్రం లాచ్ ఉంచాను, ఆయన ఎలాగూ ఆగకుండా మాట్లాడుతూనే ఉంటాడు కదా.

ప్రోగ్రాం బాగా జరిగింది. తరంగంలో పళ్లెం అంచుల మీద నిలబడ్డ ఆ అమ్మాయి పాదాల దగ్గరికి మూడో కెమెరా సరిగ్గా టైముకి వెళ్లింది.

అన్నట్టు కేబుల్ చివర ప్లగ్ బిగించే నా క్రింపింగ్ టూల్ నీ దగ్గరే ఉండిపోయింది. బాల్కనీ కేబుల్‌కి పక్క హాలు వాళ్లని బతిమాలుకోవాల్సి వచ్చింది. వైజాగ్ నుంచి వచ్చేటప్పుడు మర్చిపోకుండా పట్టుకురా.

నీ
మామగాడు