వార్షిక నివేదిక: వాదనను తూచి చూసే తరగతులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనిలో సింహభాగం ఆదివారం తరగతులదే. సమావేశాలు, సభ్యత్వాల పునరుద్ధరణ ఎప్పటిలాగే సాగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. నేను తరగతుల సంగతే చెబుతాను.

హైస్కూలు పిల్లల చేతికి ప్రకటనలు, సంపాదకీయాలు, కరపత్రాలు, ఫోన్లలో తిరిగే ఫార్వర్డులు ఇచ్చాం. రాసినవాళ్లు మనల్ని దేనికి ఒప్పించాలనుకుంటున్నారు, అందుకు ఏం చూపించారు, ఆ రెండిటికీ లంకె కుదిరిందా అని చూడమన్నాం. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలోని పాత ఉదాహరణతోనే మొదలుపెట్టాం: కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ కనిపిస్తోంది, పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో చూస్తున్నాం కదా. "అది పొగ కాకుండా పొగమంచయితే?" అన్నాడొక అబ్బాయి. హేతువులా కనిపిస్తూ హేతువు కానిదాన్ని తార్కికులు హేత్వాభాసం అన్నారు. ఆ పేరు చెప్పకముందే అతను దాన్ని పట్టేశాడు.

మరో వారం "జబ్బు ముప్పు సగానికి తగ్గుతుంది" అనే వాక్యాన్ని బోర్డు మీద రాశాం. 10,000 మందిలో ఇద్దరికి వచ్చేది ఒక్కరికే వచ్చినా సగం తగ్గినట్టే. 200 మందికి వచ్చేది 100 మందికి వచ్చినా సగమే. అసలు ఎంతమందికి వస్తుందో చెప్పకుండా సగమంటే ఏం తెలుస్తుందని పిల్లలే అడిగారు.

వెబ్ పేజీల విషయంలో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో వెల్లడించిన పరిశీలన మాకు బాగా అక్కరకొచ్చింది. వాళ్లు 10 మంది చరిత్రకారులను, 10 మంది వార్తల నిజానిజాలు తేల్చేవాళ్లను, 25 మంది విద్యార్థులను గమనించారు. నిజానిజాలు తేల్చేవాళ్లు తెలియని పేజీలో ఎక్కువసేపు నిలవలేదు. దాని గురించి ఇతరులేమంటున్నారో చూడటానికి వెంటనే బయటికి వెళ్లారు. మేమూ పిల్లల చేత అదే చేయించాం. ఇంత తక్కువ శ్రమతో ఇంత పనికొచ్చే అలవాటు ఇంకొకటి నాకు తెలియదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మా ఉపాధ్యాయులు రెండు వ్యాసాలు రాశారు. ఒకటి హోంవర్కు ఎత్తేయాలని, రెండోది రెట్టింపు చేయాలని. రెండింట్లోనూ తప్పులు ఒకటే: ఒక్క పిల్లవాడి అనుభవాన్ని అందరికీ అంటగట్టడం, పేరు లేని "నిపుణుల" మాట, ఒకదాని తర్వాత ఒకటి జరిగింది కాబట్టి మొదటిదే కారణమనడం. రెండో వ్యాసాన్ని పిల్లలు చీల్చి చెండాడారు. మొదటిదానికి మాత్రం చప్పట్లు కొట్టారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాక ఒకమ్మాయి మొదటి వ్యాసంలో "నిపుణుల" కింద గీత గీసి, చాలాసేపు తల ఎత్తలేదు.

ఇతరుల తప్పు పట్టడం నేర్పామే గానీ, నచ్చిన మాటను నిలదీయడం నేర్పలేదని అప్పుడు అర్థమైంది. అందుకే వచ్చే ఏడాది తరగతులు పిల్లలు ఒప్పుకునే వ్యాసాలతోనే మొదలవుతాయి. సభ్యులు తమకు బాగా నచ్చిన వ్యాసాన్ని, దానికి ఎదురు వాదించే వ్యాసాన్ని కత్తిరించి, జతగా పంపవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి